అణుబాంబును, ఆకాశశిలను కొలిచిన శాస్త్రవేత్త – లూయీ ఆల్వరెజ్

అణ్వస్త్రములు భూగోళమును బ్రద్దలు చేయగలవా? ఆకాశమునుండి మీదపడ వచ్చు మహాశిలను ఆ అస్త్రములే ఆపగలవా? అణుబాంబు పుట్టిననాటినుండి పండితులును పామరులును ఈ రెండు ప్రశ్నలు వేసికొనుచునే యున్నారు. భయముచేత కొందఱు, గర్వముచేత కొందఱు ఔననిరి. ఇట్టి ప్రశ్నలకు ఊహతో గాక కొలతతో సమాధానము వెదకుటకు దారిచూపిన శాస్త్రవేత్త యొకడు కలడు. యుద్ధమున ప్రయోగింపబడిన మొదటి అణుబాంబు దెబ్బను ఆయన విమానమునుండి కొలిచెను. వార్ధక్యమున, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము భూమిని తాకిన శిలను, అంగుళమైనను మందములేని మంటిపొరను పట్టి కొలిచెను. ఆయన పేరు లూయీ వాల్టర్ ఆల్వరెజ్.

ఆల్వరెజ్ 1911 జూన్ 13వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. పితామహుడు స్పెయిన్ దేశమున పుట్టి హవాయి దీవులలో వైద్యము చేసినవాడు. తండ్రి వాల్టర్ ఆల్వరెజ్ పేరుపొందిన వైద్యుడు. తల్లి హారియట్ చైనా దేశమున క్రైస్తవ మతప్రచారకుల యింట పెరిగినది. బాలుడు చిన్ననాడే పనిముట్లు పట్టుటయు, విద్యుత్తీగెలు కలుపుటయు నేర్చెను. తండ్రి ఆయనకు ఒక మంచి అలవాటు బోధించెను. కొన్ని మాసములకొకసారి ఒక సాయంకాలమంతయు కుర్చీలో కూర్చుండి, కన్నులు మూసికొని, చేపట్టదగిన క్రొత్త సమస్య యేది కలదని ఆలోచింపవలయునని ఆ బోధ. ఆల్వరెజ్ దానిని వృద్ధాప్యమువఱకు మఱవలేదు.

1926లో తండ్రికి మిన్నెసోటా రాష్ట్రమునందలి మేయో వైద్యాలయమున ఉద్యోగము లభింపగా కుటుంబము అచ్చటికి తరలెను. తరువాత ఆల్వరెజ్ షికాగో విశ్వవిద్యాలయమున ప్రవేశించి, రసాయనశాస్త్రము చదువబోయి భౌతికశాస్త్రమునకు మఱలెను. నోబెల్ బహుమతి పొందిన ఆర్థర్ కాంప్టన్ ఆయనకు గురువు. గురువు ప్రోత్సాహముతో ఆల్వరెజ్ తాను తయారుచేసిన ఉపకరణమును మెక్సికో నగరమునకు కొనిపోయి, ఒక హోటలు మేడపై నుంచి, ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణములను లెక్కించెను. అవి తూర్పునుండి కంటె పడమటినుండి ఎక్కువగా వచ్చుచుండెను. దానినిబట్టి ఆ కిరణములలో ధనవిద్యుత్తు కలదని తేలెను. 1936లో డాక్టరు పట్టము పొంది, జెరాల్డీన్ స్మిత్‌విక్‌ను వివాహమాడి, కాలిఫోర్నియాలోని బర్క్లీ నగరమున ఎర్నెస్ట్ లారెన్స్ ప్రయోగశాలలో ఆయన చేరెను.

1939 జనవరిలో ఒకనాడు ఆల్వరెజ్ క్షౌరశాలలో కూర్చుండి వార్తాపత్రిక చదువుచుండెను. జర్మనీలో యురేనియము పరమాణు కేంద్రకమును రెండుగా చీల్చిరను వార్త అందు కనబడెను. క్షౌరము సగములో నుండగనే ఆయన లేచి ప్రయోగశాలకు పరుగిడెను. ఆ చీలికలో వెలువడు శక్తి బొగ్గు మండుటవలన కలుగు శక్తికి లక్షలరెట్లు మించినదని భౌతికశాస్త్రజ్ఞులు అప్పుడే గ్రహించిరి. అది దీపమగునో దావానలమగునో ఆ దినమున ఎవరును చెప్పజాలకపోయిరి.

అంతలో ద్వితీయ ప్రపంచ సంగ్రామము ప్రజ్వరిల్లెను. 1940లో ఆల్వరెజ్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు పోయి రాడార్ పరిశోధనలో పాల్గొనెను. ఆయన స్వయముగా విమానము నడపనేర్చినవాడు. పొగమంచులో విమానమును దింపుట ఎంత అపాయకరమో ఎఱుగును. నేలపైనుండి రాడార్‌తో విమానమును కనిపెట్టి, చోదకునకు రేడియోద్వారా మాటలతో దారిచెప్పి, క్షేమముగా దింపు పద్ధతిని ఆయన రూపొందించెను. 1948–49లో బెర్లిన్ నగరము దిగ్బంధమైనపుడు ఆహారము, బొగ్గు మోసికొనిపోయిన విమానములు మంచుకాలములోను దిగగలుగుటకు ఈ పద్ధతి మిక్కిలి తోడ్పడెను. ప్రాణములు కాపాడిన సాధనములలో ఇది యొకటి.

1944లో ఆయన న్యూ మెక్సికో రాష్ట్రమునందలి లాస్ ఆలమోస్ చేరెను. అచ్చట అణుబాంబు రహస్యముగా తయారగుచుండెను. ప్లుటోనియము గోళమును అన్ని ప్రక్కలనుండి ఒక్కమాఱు సమానముగా నొక్కినగాని ఆ బాంబు పేలదు. చుట్టును అమర్చిన ప్రేలుడు పదార్థమును 32 చోట్ల ఏకకాలమున ముట్టింపవలెను. సెకనులో పదిలక్షలవ వంతు తేడా వచ్చినను పని చెడును. ఆల్వరెజును, ఆయన శిష్యుడు లారెన్స్ జాన్‌స్టనును ఇందుకు తగిన విద్యుత్ సాధనమును నిర్మించిరి. 1945 జూలై 16వ తేదీ ప్రాతఃకాలమున ఎడారిలో జరిగిన ప్రథమ పరీక్షను ఆల్వరెజ్ విమానమునుండి చూచెను.

అదే సంవత్సరము ఆగస్టు 6వ తేదీన హిరోషిమా నగరముపై బాంబు పడవేసిన విమానమువెంట మఱియొక విమానము పోయెను. అందు ఆల్వరెజ్ కూర్చుండెను. దెబ్బయొక్క ఒత్తిడిని కొలిచి రేడియోద్వారా తెలుపు పరికరములు ఆ విమానమునుండి పారాచూట్లతో జారవిడువబడెను. గాలితాకిడి వచ్చినది, గీతలు కాగితముపై పడినవి. బాంబు బలము సుమారు 15,000 టన్నుల టి.ఎన్.టి. ప్రేలుడుకు సమానమని నేడు నిర్ణయింపబడినది. పని ముగిసినపిదప ఆల్వరెజ్ క్రిందికి చూచెను. పట్టణము కానరాలేదు. గురితప్పి అడవిలో పడినదేమో యని ఆయన తలంచెను. గురి తప్పలేదనియు, కానరాకపోయినది నగరమేయనియు చోదకుడు తెలిపెను. ఆ సంవత్సరాంతమునకు ఆ పట్టణమున సుమారు 1,40,000 మంది మరణించిరి.

తిరుగు ప్రయాణమున విమానములోనే ఆల్వరెజ్ ఒక ఉత్తరము వ్రాసెను. అది ఆయన కుమారుడు వాల్టర్ పేరిటిది. వాల్టరుకు అప్పటికి నాలుగేండ్లు. పెరిగి పెద్దవాడైన పిమ్మట చదువుకొనుమని వ్రాసిన ఆ ఉత్తరములో, ఆ ఉదయమున వేలమంది పౌరులను చంపుటలో తనకును పాలుకలదను విచారమును, ఇంతటి ఘోరాయుధమును చూచియైనను దేశములు యుద్ధములు మానుకొనునేమో యను ఆశయు కలిసియున్నవి. డైనమైటును కనుగొన్న ఆల్‌ఫ్రెడ్ నోబెల్ కూడ ఇట్టి ఆశయే పెట్టుకొని విఫలుడయ్యెనని ఆయన ఎఱుగును. ఆగస్టు 9వ తేదీన నాగసాకిపై బాంబు పడినపుడు, కొలత పరికరములకు మఱియొక ఉత్తరము కట్టి జారవిడిచిరి. అది పూర్వము బర్క్లీలో పనిచేసిన జపాను భౌతికశాస్త్రజ్ఞుడు ర్యోకిచి సగానెకు ఆల్వరెజును, మఱి యిద్దఱు శాస్త్రజ్ఞులును వ్రాసినది. యుద్ధము నాపుటకై తన దేశపు పెద్దలకు నచ్చజెప్పుమని అందలి ప్రార్థన. యుద్ధము ముగిసినపిదపగాని అది సగానెకు చేరలేదు.

యుద్ధానంతరము ఆల్వరెజ్ నడచిన మార్గమును అందఱును మెచ్చలేదు. అణుబాంబుకంటె బలవత్తరమైన ఉదజని బాంబును నిర్మింపవలయుననువారి పక్షమున ఆయన నిలిచెను. దానిని వ్యతిరేకించిన రాబర్ట్ ఓపెన్‌హైమరుపై 1954లో విచారణ జరిగినపుడు, ఆ పూర్వసహచరునకు ప్రతికూలముగా సాక్ష్యమిచ్చెను. ఈ విషయమున పలువురు శాస్త్రజ్ఞులు ఆయనను క్షమింపలేదు. ఆయుధముల పోటీ మాత్రము ఎవరి మాటకును ఆగలేదు. 1961 అక్టోబరు 30వ తేదీన సోవియట్ దేశము ప్రేల్చిన ఉదజని బాంబు బలము 50 మెగాటన్నులు. మెగాటన్ను అనగా పదిలక్షల టన్నుల టి.ఎన్.టి. ఆ ఒక్క బాంబు హిరోషిమా బాంబునకు మూడువేల రెట్లు మించినది. భూమియే బ్రద్దలగునను భయము లోకమున ప్రబలుటకు ఇట్టివే కారణములు.

ఆల్వరెజ్ ఆయుధములను విడిచి పరమాణువుకంటె సూక్ష్మమైన కణములవైపు తిరిగెను. ద్రవరూపమునకు తెచ్చిన హైడ్రోజన్‌తో పెద్దపాత్రను నింపి, అందు కణములు పోవునపుడు ఏర్పడు బుడగల బారులను ఛాయాచిత్రములు తీసి, వానిని లక్షలకొలది పరిశీలించు పద్ధతిని ఆయన నెలకొల్పెను. దానివలన పెక్కు క్రొత్త కణములు బయల్పడెను. ఇందులకై 1968లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు లభించెను. అదే దశకమున ఈజిప్టు శాస్త్రజ్ఞులతో కలిసి, విశ్వకిరణములచే ఖాఫ్రే పిరమిడ్‌ను పరీక్షించి, వెదకినంతమేర గుప్తమైన గది లేదని తేల్చెను. గది దొరకలేదని ఆయన చింతింపలేదు. లేదని రూఢిగా తెలియుటయు జ్ఞానమేయని ఆయన మతము.

ఇట్లుండగా, నాలుగేండ్ల ప్రాయమున హిరోషిమా ఉత్తరమునకు పాత్రుడైన వాల్టర్ పెరిగి భూగర్భశాస్త్రజ్ఞుడయ్యెను. ఇటలీ దేశమున గుబ్బియో పట్టణ సమీపమునందలి సున్నపురాతి కొండలను ఆయన పరిశోధించుచుండెను. అచ్చట రెండు రాతివరుసల నడుమ సుమారు ఒక సెంటీమీటరు మందముగల బంకమంటిపొర కలదు. క్రింది రాతిలో పురాతన సముద్రజీవుల శిలాజములు సమృద్ధిగా నుండగా, పై రాతిలో అవి దాదాపు శూన్యము. భూమిపై రాక్షసబల్లులు అంతరించిన కాలమును ఆ పొర కాలమును ఒక్కటే. 1977 ప్రాంతమున వాల్టర్ ఆ పొరగల రాతిముక్కను తండ్రికి చూపెను. ఆల్వరెజునకు అప్పటికి అఱువదియైదేండ్లు దాటినవి. ఆ చిన్నముక్క ఆయనను మరల విద్యార్థిని గావించెను.

ఆ పొర ఏర్పడుటకు ఎన్నియేండ్లు పట్టినదని ఆయన ప్రశ్న. ఇరిడియమను లోహము భూమి పైపొరలో అత్యల్పము, ఉల్కలలో అధికము. ఉల్కల ధూళి నిత్యమును సన్నగా భూమిపై రాలుచుండును. కావున ఆ పొరలోని ఇరిడియమును కొలిచినచో, గడియారపు ఇసుకను కొలిచినట్లు, కాలము తెలియునని ఆయన యోచించెను. బర్క్లీలోని రసాయనశాస్త్రజ్ఞులు ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ అనువారు ఆ మన్నును అణురియాక్టరులో న్యూట్రానుల తాకిడికి గురిచేసి, శతకోటి భాగములలో కొన్ని భాగముల వఱకు లెక్కించిరి. ఒకప్పుడు నగరమును బూడిద చేసిన విద్యయే ఇప్పుడు చిటికెడు మంటిని చదువుటకు ఉపకరించెను.

వచ్చిన లెక్క అందఱను విస్మితులను జేసెను. ఆ పొరలో ఇరిడియము పరిసర శిలలకంటె 30 రెట్లు హెచ్చు. డెన్మార్కులో అదే కాలపు మంటిలో 160 రెట్లు, న్యూజీలాండులో 20 రెట్లు. సన్నగా రాలిన ధూళి ఇంత కాజాలదు. సమీపమున ఒక నక్షత్రము ప్రేలినదేమోయని మొదట సందేహించిరి. అట్లయిన ఒక విధమగు ప్లుటోనియము కూడ ఉండవలెను. తొలి పరీక్షలో అది కనబడినట్లే తోచెను. ఉత్సాహముతో లోకమునకు చాటక వారు పరీక్షనంతయు మొదటినుండి మరల చేసిరి. ప్లుటోనియము లేదు, మొదట కనబడినది బయటినుండి అంటిన మలినము. నక్షత్రపు మాట అంతటితో విడువబడెను. తుదకు, సుమారు 10 కిలోమీటర్ల వ్యాసముగల గ్రహశకలము భూమిని ఢీకొనెననియు, లేచిన ధూళి సూర్యుని కప్పగా చెట్టుచేమలు మాడి, వానిని తిని బ్రతుకు ప్రాణులు నశించెననియు 1980లో నలుగురును ప్రకటించిరి.

పలువురు శిలాజశాస్త్రజ్ఞులు దీనిని అంగీకరింపలేదు. ఆల్వరెజ్ వాదములో పరుషముగా మాటలాడి అనేకులను నొప్పించెను. అది ఆయన స్వభావములోని లోపము. కొందఱు మఱియొక కారణము చూపిరి. అదే కాలమున దక్కను పీఠభూమిపై అగ్నిపర్వతములు లావాను వెలిగ్రక్కెను. ఆ నల్లరాతి పొరలు మహారాష్ట్రమునుండి పశ్చిమ తెలంగాణమువఱకు వ్యాపించియున్నవి. రాజమహేంద్రవరము వద్ద గోదావరికి ఇరుప్రక్కలను అట్టి శిలలే కానవచ్చును. ఆ లావాతో వెడలిన విషవాయువులే ప్రాణినాశమునకు హేతువని వారి వాదము. లావా పాలెంత, శిల పాలెంత యను చర్చ నేటికిని పూర్తిగా ముగియలేదు. శిల పడిన మాట మాత్రము స్థిరపడినది.

ఆల్వరెజ్ 1988 సెప్టెంబరు 1వ తేదీన బర్క్లీలో తన 77వ యేట మరణించెను. శిల పడిన చోటు అప్పటికింకను నిర్ధారణ కాలేదు. 1991లో మెక్సికో దేశపు యూకటాన్ ద్వీపకల్పమున, చిక్సులూబ్ వద్ద, నేలలోపల పూడియున్న సుమారు 180 కిలోమీటర్ల వెడల్పుగల బిలమే ఆ చోటని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆయన విద్యార్థిగా విశ్వకిరణములను కొలిచినది ఆ దేశముననే.

ఈ కొలతలనుండి మొదటి ప్రశ్నకు సమాధానము లభించును. ఆ శిల తాకిడిలో వెలువడిన శక్తి సుమారు 10 కోట్ల మెగాటన్నులని అంచనా. 1986 ప్రాంతమున లోకమున అణ్వస్త్రములు అత్యధికముగా, డెబ్బదివేల వఱకు నుండెను. వానినన్నిటిని కూడినను ఆ శిల బలము వేలకొలది రెట్లు మిగులును. అయినను భూమి బ్రద్దలు కాలేదు, దారి తప్పలేదు. భూమి తన బరువుచేతనే తన్ను గట్టిగా పట్టుకొనియున్నది. ఆ పట్టు విడిపించి, ముక్కలను మరల కలియకుండ చెదరగొట్టవలెనన్న, 1961 నాటి మహాబాంబు వంటివి పదికోటి కోట్లు కావలెను. సూర్యుడు సుమారు ఒక వారములో వెదజల్లు శక్తియంతయు దానికి పట్టును. కావున మానవుని అస్త్రములు భూగోళమును నాశనము చేయజాలవు.

అయినను ఈ సమాధానము ఊరట నిచ్చునది కాదు. ఆ శిల పడినపుడు భూమి నిలిచెను. భూమిపైనున్న జీవజాతులలో సుమారు ముప్పాతిక వంతు నిలువలేదు. నాశనమునకు భూమి పగులనక్కరలేదు; ఎండ తగ్గినచాలు, పంట పోవును. ఆల్వరెజ్ ధూళి సిద్ధాంతము చూచిన పిమ్మట కొందఱు శాస్త్రజ్ఞులు, అణుయుద్ధమున కాలు నగరముల పొగ యేమిచేయునో లెక్కించిరి. ఆ పొగ ఆకాశమునకెక్కి ఎండనాపి, చలిని కలిగించి, యుద్ధమెఱుగని దేశములలో సైతము పంటలు చెఱుపగలదని 1983లో ప్రకటించిరి. చలి తీవ్రతను గూర్చి తరువాత వాదములు జరిగినను అపాయము కలదనుటను ఎవరును కొట్టివేయలేదు. నేటికిని లోకమున సుమారు 12,000 అణ్వస్త్రములు కలవు.

రెండవ ప్రశ్నకు సమాధానము వేఱు. 10 కిలోమీటర్ల శిల బరువు లక్షకోట్ల టన్నులకు మించును. దానిని సమీపమునకు వచ్చిన తరువాత బాంబుతో పగులగొట్టినను ముక్కలు అదే దారిని వచ్చి మీదపడును. చిన్న శిలయైనను, చాలముందుగ కనిపెట్టి, దారి రవంత మార్చుటయే ఉపాయము. ఊరికి ఆమడదూరమున చీలుబాట వద్ద ఎద్దులను కొంచెము ప్రక్కకు మఱల్చినచో బండి వేఱొక ఊరు చేరును. ఊరి వాకిట లాగినను ప్రయోజనముండదు. శిల వేగమును సెకనుకు రెండు సెంటీమీటర్లు మార్చినచో పది సంవత్సరములలో అది 6,000 కిలోమీటర్లకు పైగా తొలగును. అది భూమి వ్యాసార్ధమునకు దాదాపు సమానము.

ఇది నేడు కేవలము ఊహ కాదు. 2013 ఫిబ్రవరి 15వ తేదీన రష్యాలోని చెల్యాబిన్‌స్క్ పట్టణముపై ఆకాశమున సుమారు 20 మీటర్ల శిల ప్రేలగా, పగిలిన కిటికీల గాజువలన పెక్కుమంది గాయపడిరి. దానిని ముందుగా చూచినవారు లేరు. 2022 సెప్టెంబరు 26వ తేదీన అమెరికా వారి డార్ట్ నౌక, సుమారు 160 మీటర్ల డైమార్ఫస్ అను శకలమును ఢీకొని, అది తన పెద్ద శకలము చుట్టు తిరుగు కాలమును అరగంటకు పైగా తగ్గించెను. దానికి బాంబు అక్కరలేకపోయెను. మిక్కిలి పెద్ద శిలకు, లేదా వ్యవధి చాలని వేళకు మాత్రము అణ్వస్త్రమే శరణ్యము కావచ్చునని శాస్త్రజ్ఞులు భావింతురు. శిలకు దూరముగా ప్రేల్చిన, దాని కిరణములచే పైపొర ఆవిరియై ఎగయగా ఆ విసురుకు శిల ఎదురుదిక్కుకు తొలగును. దీనిని ఇంతవఱకు ఆకాశమున ఎవరును పరీక్షింపలేదు. 1967 నాటి అంతర్జాతీయ ఒడంబడిక అంతరిక్షమున అణ్వస్త్రములు నిలుపుటను నిషేధించినది. కిలోమీటరుకు మించి, భూమి దారికి చేరువగ తిరుగు శిలలలో నూటికి తొంబదికి పైగా ఇప్పటికే కనుగొనబడినవి. రానున్న నూఱేండ్లలో భూమిని తాకునది వానిలో ఒక్కటియు తెలియరాలేదు.

ఆల్వరెజ్ జీవితమున మెచ్చదగినదియు, మెచ్చరానిదియు కలవు. ఆయన చేతులు బాంబు చేసినవి. ఆ చేతులే అంధులవలె దిగవలసిన విమానములకు దారి చూపినవి. విమానములో కూర్చుండి కుమారునకు వ్రాసిన ఉత్తరమునందలి ఆశ నెరవేరినదని చెప్పుటకు ఇంకను వీలులేదు. ఆ కుమారుడు ముప్పదిరెండేండ్ల తరువాత తెచ్చియిచ్చిన రాతిముక్క మాత్రము తండ్రికి తగిన ప్రత్యుత్తరమైనది. ఆకాశమునుండి వచ్చు కీడును కనిపెట్టి తొలగించు సామర్థ్యము భూమి చరిత్రలో ఒక్క మానవజాతికే లభించెను. రాక్షసబల్లులకు అది లేకపోయెను. వానికి లేని మఱియొక సామర్థ్యము కూడ మానవునికి కలదు: అట్టి చీకటిని తన చేతులతో తానే తెచ్చుకొనగలుగుట. ఈ రెండింటిలో దేనిని వినియోగింపవలెనో కొలిచిచెప్పు పరికరమును ఏ ప్రయోగశాలయు నిర్మింపలేదు. ఆ నిర్ణయము మానవుల వివేకమునకే విడువబడియున్నది.